పాలపళ్లు పుచ్చిపోకుండా

‘ఎలాగూ ఊడిపోయేవే కదా’ అని పాలపళ్లను వదిలేయకండి. వెనక ఉండే పాలదవడ పళ్లు 10–12 ఏళ్ల దాకా ఉండాలి. అవి ముందే పోతే పక్క పన్ను ఆ ఖాళీలోకి ఒరిగి, తర్వాత వచ్చే పన్నుకి చోటుండదు.

వారానికోసారి బిడ్డను వెలుతురులో పడుకోబెట్టి పై పెదవి ఎత్తి చూడండి. ముందు పళ్ల మీద, చిగురు అంచు వెంబడి సుద్దలాంటి తెల్లని గీత కనిపిస్తే అదే పుచ్చుకి తొలి గుర్తు. ఈ దశలో పంటి పైపొరని గట్టిపరిచే ఫ్లోరైడ్‌తో ఆపొచ్చు. గోధుమరంగుకి తిరిగి గుంట పడిందంటే డాక్టరు పూడ్చాల్సిందే. ఐరన్ సిరప్ వల్ల పడే నల్లమరక వేరు, అది పుచ్చు కాదు.

గీత ఎక్కువగా పై పళ్లకే వస్తుంది. పాలసీసా నోట్లో ఉండగానే నిద్రపోతే పాలు పై పళ్ల చుట్టూ నిలిచిపోతాయి, నిద్రలో లాలాజలం తగ్గుతుంది. కింది పళ్లని నాలుక కాస్త కాపాడుతుంది. పాలల్లో పంచదార వేస్తే ఇంకా చేటు. పాలు పట్టేశాక పళ్లు తోమి, ఆ తర్వాత మంచినీళ్లే ఇవ్వండి. ఏడాది దాటిన బిడ్డ సీసా వదలకపోతే, రాత్రి సీసాలో పాలు రోజురోజుకీ తగ్గించి నీళ్లు పెంచుతూ పోండి. నాలుగు రోజులు ఏడుస్తారు, తర్వాత మానేస్తారు.

మొదటి పన్ను కనిపించిన రోజు నుంచే తోమాలి, సుమారు ఆరో నెల నుంచి. బిడ్డ తల మీ ఒళ్లో ఆనేలా పడుకోబెట్టుకుంటే నోరంతా కనిపిస్తుంది, ఎదురుగా నిలబెట్టి తోమితే లోపలి వైపు వదిలేస్తారు. మెత్తటి బ్రష్షు కుచ్చు సగం చిగురు మీద, సగం పన్ను మీద ఆనేలా ఏటవాలుగా పెట్టి చిన్న చిన్న సున్నాలు చుట్టండి. మూడేళ్ల లోపు పేస్టు బియ్యపుగింజంత, 3–6 ఏళ్లకి బఠాణీ గింజంత. ట్యూబు వెనక ఫ్లోరైడ్ 1000 పీపీఎం ఉందో లేదో చూడండి, పిల్లల పేస్టుల్లో కొన్నిట్లో అసలుండదు. నల్గొండ వైపులా బోరునీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువుంటే, తాగేది ఆ నీళ్లే అయితే, ముందు పళ్ల డాక్టర్ని అడగండి. తోమాక ఉమ్మిస్తే చాలు, నీళ్లతో పుక్కిలించనక్కర్లేదు. రాత్రి తోమడం మాత్రం మానకండి.

ఏడెనిమిదేళ్ల దాకా పెద్దవాళ్లే తోమాలి. ఆరో ఏట చివరి పాలదవడ పన్ను వెనక, ఏ పన్నూ ఊడకుండానే, ఓ పెద్ద పన్ను వస్తుంది. పాలపన్నే అనుకుంటారు గానీ అది శాశ్వత పన్ను. సగం పైకొచ్చినప్పుడు మిగతా పళ్లకంటే కిందుగా ఉంటుంది కాబట్టి, బ్రష్షుని బుగ్గ వైపు నుంచి అడ్డంగా పెట్టి తోమితేనే అందుతుంది.