ట్రామాకు (మనసును లోతుగా గాయపరిచే అనుభవాలకు) గురైన పిల్లలతో పనిచేసే సిబ్బందికి శిక్షణ: ముందే చూసుకోవాల్సిన జాగ్రత్తలు

☐ శిక్షణకు వచ్చేవాళ్లలోనూ అలా మనసు గాయపడ్డవాళ్లు ఉంటారు. 1998లో అమెరికాలో వెలువడిన ఏస్ (ACE, చిన్ననాటి చేదు అనుభవాల) అధ్యయనంలో సగానికి పైగా పెద్దవాళ్లు చిన్నతనంలో కనీసం ఒక చేదు అనుభవం ఉందని చెప్పారు. అందుకే ఏ అంశాలు చర్చకు వస్తాయో ముందే చెప్పండి. మధ్యలో ఎవరైనా లేచి వెళ్తే కారణం అడగొద్దు. అందరినీ వరసగా "మీ అనుభవం చెప్పండి" అని అడిగే ఆట మాత్రం అసలే వద్దు.

☐ రోజంతా ఒక కౌన్సెలర్, పక్కనే ఒక ఖాళీ గది.

☐ నిజమైన కేసులు వాడకండి. పేరు మార్చినా వయసు, జరిగిన తీరు కలిపి చూస్తే గుర్తుపట్టేస్తారు.

☐ రోల్ ప్లేలో హింసను నటించొద్దు. ఆ తర్వాత జరిగే సంభాషణను సాధన చేయించండి. కోపంతో తలుపు వేసుకున్న అబ్బాయితో మొదటి మాట ఏమిటి? భయపడ్డ శరీరం తిరగబడుతుంది, పారిపోతుంది, లేదా బిగుసుకుపోతుంది. మనం మొండితనం అనుకునేది చాలాసార్లు ఇదే. దీనిమీద గంట గడిచినా పర్వాలేదు, స్లైడ్లు తగ్గించండి (ఎలాగూ ఎవరికీ గుర్తుండవు).

☐ పిల్లలు తమకు జరిగిన హింస గురించి ఏదైనా బయటపెడితే ఎవరికి, ఎంతలోపు తెలియజేయాలి? స్థానిక చట్టం, సంస్థ నియమాలు చూసి రాసిపెట్టుకోండి. "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకూడదు, గుచ్చిగుచ్చి అడగకూడదు. ఈ రెండూ సిబ్బందికి గట్టిగా చెప్పాలి.

☐ చికిత్స సిబ్బంది పని కాదని మొదట్లోనే చెప్పేయండి. సగం టెన్షన్ తగ్గుతుంది.

☐ నెల తర్వాత మళ్లీ కలిసే తేదీ ఇప్పుడే ఖాయం చేయండి.