కలంకారీ గీత చెడకుండా విద్యార్థి బొమ్మను పోస్టరుగా మార్చడం ఎలా?

పాఠశాల వార్షికోత్సవానికో, కళాశాల ఉత్సవానికో విద్యార్థి గీసిన బొమ్మతోనే ఆహ్వానపత్రిక వేయించాలన్న ఆలోచన మంచిదే. అయితే మా తిరుపతిలో ఆ పని సాధారణంగా జరిగే తీరు వేరు. ఎవరో ఒక ఉపాధ్యాయుడు బొమ్మను ట్యూబులైటు కింద బల్లమీద పరిచి ఫోనుతో ఫొటో తీస్తారు, దాన్ని వాట్సాప్‌లో డీటీపీ దుకాణానికి పంపుతారు, అక్కడి కుర్రవాడు ఒక్క నొక్కుతో ‘ట్రేస్’ చేసి (అంటే ఫొటోలోని గీతలను కంప్యూటరు గీతలుగా మార్చి), చుట్టూ బంగారు అంచు, వెనుక గులాబీరంగు వెలుగు పెట్టి మధ్యాహ్నానికల్లా ప్రింటుకు పంపేస్తాడు. నెల రోజులు కూర్చుని శ్రీకాళహస్తి పద్ధతిలో గీసిన నెమలి, ఫ్లెక్సీ మీదికి వచ్చేసరికి తారులో పడిన కోడిలా తయారవుతుంది. ఈ పనిని నేను పదిహేనేళ్లుగా చేస్తున్నాను, చెడగొట్టిన వాటిని చూడడం కూడా అంతకాలంగానే జరుగుతోంది కాబట్టి, నేను పాటించే పద్ధతిని ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు అనుమతి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం సాధారణంగా బొమ్మ గీసినవారే దానికి మొదటి హక్కుదారు. పాఠశాల గోడకు వేలాడినంత మాత్రాన అది పాఠశాల సొత్తు అయిపోదు. విద్యార్థి మైనరు అయితే తల్లిదండ్రుల సంతకం తీసుకోవాలి, ఏయే వస్తువుల మీద వేస్తారో ఆ కాగితంలోనే రాయాలి, పోస్టరు అడుగున విద్యార్థి పేరు చదవగలిగే సైజులో వేయాలి.

కావలసినవి

ఫ్లాట్‌బెడ్ స్కానరు ఒకటి, ఫొటోలు దిద్దే గింప్, గీతల బొమ్మలు చేసే ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లు రెండు, ఒక నల్ల చార్టు, ఒక తెల్ల చార్టు చాలు. కోరల్‌డ్రా, ఫొటోషాప్ ఉన్నవారు వాటితోనే చేసుకోవచ్చు, పని క్రమం మారదు. గుడ్డమీది బొమ్మను ఇస్త్రీ చేయాల్సివస్తే వెనుకవైపు నుంచి, గోరువెచ్చగా, పైన మరో పలుచని గుడ్డ వేసి చేయాలి.

స్కానింగ్

స్కానింగ్ 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) దగ్గర, రంగుల్లోనే చేయాలి. బొమ్మ నలుపు తెలుపే అయినా రంగుల్లోనే చేయాలి, కారణం కింద వస్తుంది. ఆ లెక్కన ఏ4 కాగితం 4960 పిక్సెళ్ల వెడల్పు, 7016 పిక్సెళ్ల ఎత్తు వస్తుంది. 300 సరిపోతుందని వాదించేవారు ఉన్నారు, వారితో నాకు పేచీ లేదు, నా బల్లమీద మాత్రం 600 కి తక్కువ ఏదీ ఎక్కదు. ఫైలును టిఫ్‌గా దాచాలి, జేపెగ్‌గా వద్దు. కాగితానికి రెండువైపులా గీతలుంటే వెనుక నల్ల చార్టు పెట్టాలి, అప్పుడు అవతలివైపు గీత ఇవతలికి కనిపించదు. పలుచని గుడ్డ అయితే తెల్ల చార్టు పెట్టాలి.

బొమ్మ స్కానరు కంటే పెద్దదైతే ముక్కలుగా తీసి, ఒక్కో ముక్కలో పక్క ముక్కది మూడోవంతు కలిసేలా చూసుకుని, తరువాత అతికించాలి. ఇక్కడ చాలామంది చేసే తప్పు, రెండో సగానికి గుడ్డను తలకిందులుగా తిప్పి పెట్టడం. స్కానరు దీపం ఒకవైపు నుంచే పడుతుంది కాబట్టి, గుడ్డను తిప్పితే ముడతల నీడలు కూడా అటు ఇటు అవుతాయి, ఇక ఆ రెండు సగాల మధ్య అతుకు ఎంత దిద్దినా తెలుస్తూనే ఉంటుంది. స్కానరు దొరకనప్పుడు ఉదయం పూట ఎండ నేరుగా పడని వరండాలో, ఫోనును బొమ్మకు సరిగ్గా సమాంతరంగా పట్టి ఫొటో తీయవచ్చు. స్కానర్ యాప్‌లు మాత్రం వాడవద్దు. అవి కాగితాన్ని తెల్లగా చూపించే ఆత్రంలో సన్నని గీతలను కూడా తుడిచేస్తాయి.

గీతను వేరుచేయడం

అసలు కష్టం ఇక్కడుంది. మచిలీపట్నం కలంకారీలో నమూనాను చెక్క అచ్చుతో అద్దుతారు. అచ్చు గీత మొదటినుంచి చివరిదాకా ఒకే మందంలో నడుస్తుంది కాబట్టి దాన్ని ఎలా ట్రేస్ చేసినా పెద్దగా నష్టం ఉండదు. శ్రీకాళహస్తి పని అలాంటిది కాదు. వెదురు పుల్ల మొన చెక్కి, మొనకు కొంచెం పైన గుడ్డపీలిక చుట్టి దారంతో కట్టి, ఆ పీలికను రంగులో ముంచి, వేళ్లతో నొక్కుతూ రంగును మొనలోకి దింపి గీస్తారు. కలం గుడ్డను తాకిన చోట గీత కాస్త లావుగా మొదలవుతుంది, రంగు అయిపోతున్నకొద్దీ సన్నబడుతుంది, మళ్లీ నొక్కిన చోట ఉబ్బుతుంది. తుప్పు పట్టిన ఇనుమును, బెల్లాన్ని నీళ్లలో ఊరబెట్టి తీసిన నల్లరంగు, కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెట్టిన గుడ్డమీద పడితే ఎలా ముదురుతుందో గీసేవారికి తెలుసు, ఆ తెలివి అంతా ఆ లావు సన్నాల్లోనే ఉంది. తితిదే నడిపే సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థలో నేర్చుకునే విద్యార్థి గీసినా, ఎనిమిదో తరగతి పిల్ల చిత్రలేఖనం పీరియడులో గీసినా, చేతిని గుర్తుపట్టేది ఆ లావు సన్నాలనుబట్టే. దాన్ని ఒకే మందానికి తెచ్చే ఏ పద్ధతీ నేను ఒప్పుకోను.

మొదట సరైన ఛానల్, అంటే బొమ్మలోని ఒక్కో ప్రాథమిక రంగు వాటా, ఎంచుకోవాలి. రంగుల్లో స్కాన్ చేయమన్నది ఇందుకే. గింప్‌లో బొమ్మను ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు ఛానళ్లుగా విడదీసి, మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. నీలం ఛానల్‌లో కరక్కాయ పూత ఇచ్చిన పసుపుఛాయ మురికిగా, నల్లగా కనిపిస్తుంది. ఎరుపు ఛానల్‌లో అదే ఛాయ తెల్లబడుతుంది, పటిక పూసిన చోట తేలిన ఎర్రరంగు కూడా బాగా తేలికవుతుంది, నల్లగీత మాత్రం నల్లగానే నిలబడుతుంది. అంటే సగం పని ఎరుపు ఛానల్ ఊరికే చేసిపెడుతుంది. అయితే నీలిమందు అద్దిన భాగాలు ఎరుపు ఛానల్‌లో చీకటిగా మారి, గీతను తమలో కలిపేసుకుంటాయి. కృష్ణుడి ఒళ్లు, నెమలి మెడ ఇలాంటివి. ఆ భాగాలను మాత్రం నీలం ఛానల్ నుంచి తీసుకుని, ఎరుపు ఛానల్ బొమ్మలో అతికించాలి. ఈ అతుకును తొందరగా చేయవద్దు, నీలం అంచు దగ్గర గీత రెండుగా కనిపిస్తే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి.

తరువాత వెలుగు సమం చేయాలి. అదే పొరకు నకలు తీసి, నకలును గాసియన్ బ్లర్‌తో గీతలేవీ కనిపించనంతగా మసకబార్చి, దాని మోడ్‌ను ‘డివైడ్’కు మార్చితే గుడ్డమీది మచ్చలు, మడతల నీడలు చాలావరకు తెల్లబడి, గీత ఒక్కటే పైకి తేలుతుంది. పొరలను ఒకటిగా కలిపాక లెవెల్స్ తెరిచి, తెలుపు గుర్తును 220 దగ్గరికి, నలుపు గుర్తును 60 దగ్గరికి జరపాలి. మధ్య గుర్తును ముట్టుకోవద్దు. మధ్య గుర్తు జరిపినవారే గీతను లావు చేస్తారు, ఆ తరువాత అది ఎందుకు లావైందో తెలియక ట్రేసింగ్‌ను తిడతారు.

ఇప్పుడు ఇంక్‌స్కేప్‌లో ‘ట్రేస్ బిట్‌మ్యాప్’. అందులో బ్రైట్‌నెస్ కటాఫ్ అనే అంకె మొదట 0.45 గా ఉంటుంది. దాన్ని పెంచితే గీతలు లావెక్కి పక్కపక్కవి అంటుకుంటాయి, తగ్గిస్తే సన్నని గీతలు తెగిపోతాయి. బొమ్మ మొత్తానికి నప్పే ఒకే అంకె ఉంటుందని అనుకోవడమే అన్ని తప్పులకూ మూలం.

ఈ మాట నాకు నేర్పింది నా సొంత తప్పే. కొన్నేళ్ల కిందట ఒక కళాశాల ఆహ్వానపత్రికకు, శ్రీకాళహస్తి నుంచి రోజూ బస్సులో వచ్చి చదువుకునే ఇంటర్ అమ్మాయి గీసిన లక్ష్మీదేవి బొమ్మ వచ్చింది. చీర అంచు గీతలు తెగిపోతున్నాయని కటాఫ్‌ను 0.6 దాకా పెంచాను, అంచు నిండుగా వచ్చింది, సంతోషించి 300 కార్డులు వేయించాను. ఆ అమ్మాయి కార్డును చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, “ఏంది సార్, అమ్మవారి కన్ను పూడిపోయిందే” అంది. చూస్తే నిజమే. కలంకారీ కన్ను చేపలా పొడవుగా, రెండు రెప్పల గీతల మధ్య తెల్లటి సందుతో ఉంటుంది. ఆ సందు అర మిల్లీమీటరు కూడా లేదు, రెండు గీతలూ లావెక్కి దాన్ని మింగేశాయి. అమ్మవారు కళ్లు మూసుకుని నిద్రపోతున్నట్టు ఉంది. కార్డులన్నీ పక్కన పడేసి, సొంత డబ్బుతో మళ్లీ వేయించాను.

కాబట్టి ఒకే బొమ్మను కనీసం రెండుసార్లు ట్రేస్ చేయాలి. ముఖం, వేళ్లు, నగలు ఉన్న భాగానికి 0.35 నుంచి 0.4 మధ్య తక్కువ కటాఫ్, వస్త్రాలు, తీగలు, అంచులకు 0.5 చుట్టూ కాస్త ఎక్కువ. రెండు ఫలితాలను ఒకదానిమీద ఒకటి కచ్చితంగా కూర్చి, ముఖం వరకు మొదటిదాన్ని, మిగతాచోట రెండోదాన్ని ఉంచాలి. కలిసే చోటును మెడ దగ్గరి హారం కిందో, జడ వెనుకో పెడితే అతుకు కనిపించదు. ఆ తరువాత బొమ్మను 400 శాతానికి పెద్దది చేసి, కళ్లు, పెదవులు, వేలి గోళ్లు ఒక్కొక్కటిగా అసలు బొమ్మతో పోల్చి చూడాలి. అసలు బొమ్మ పక్కనే, చేతికి అందేంత దూరంలో ఉండాలి, స్కానుతో పోల్చడం పోల్చడం కాదు.

అక్కడే ‘స్పెకిల్స్’ అనే అమరిక ఉంటుంది, చిన్న చుక్కలను తీసేయడానికి; ఎన్ని పిక్సెళ్లలోపు చుక్కలు పోవాలో అందులో చెప్పాలి. గుడ్డ నేత వల్ల వచ్చే రవ్వలు పోవాలంటే దాన్ని 20 దగ్గర పెట్టవచ్చు. కొందరు వందలకు వందలు పెంచుతారు. 600 డీపీఐ దగ్గర ఒక మిల్లీమీటరు చుక్క దాదాపు 24 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది, దాని మొత్తం 450 పిక్సెళ్లకు చేరుతుంది. అంటే 500 పెట్టినవారు ముత్యాలహారంలోని ముత్యాలన్నిటినీ ఊడ్చేసినట్టే. ‘స్మూత్ కార్నర్స్’ మామూలుగా 1.0 ఉంటుంది, నేను 0.8 కు దించుతాను, మొనలు మొనలుగానే ఉండాలి. ‘సింప్లిఫై’ అనే ఆదేశం జోలికి అసలు పోకూడదు. అది ఫైలును తేలిక చేస్తుంది, దాంతోపాటు చేతి వణుకును, కలం తొలి స్పర్శను, అన్నిటినీ కరిగించి పాలిథిన్ గీతలా నున్నగా చేసేస్తుంది.

పెన్సిలు బొమ్మ వస్తే ట్రేస్ చేయనే కూడదు. దానిమీద ట్రేసింగ్ పేపరు వేసి, గీసిన విద్యార్థి చేతనే నల్ల సిరాతో మళ్లీ గీయించి, దాన్ని స్కాన్ చేయాలి. ముగ్గుల సంగతి వేరు. వాకిట్లో వేసిన మెలికల ముగ్గును పైనుంచి ఫొటో తీసినప్పుడు చుక్కల వరుసలు వంకర పోతాయి, వాటిని ముందు నిలువు అడ్డాలకు సరిచేసుకుంటే చాలు, మిగతాది సులువు.

రంగులు, అక్షరాలు

రంగులను గుడ్డమీద నుంచే తీసుకోవాలి: కరక్కాయ మీగడ రంగు, ఎరుపు, నీలిమందు నీలం, పసుపు, పసుపు మీద నీలం పడి వచ్చిన ఆకుపచ్చ, నలుపు. ఒక పోస్టరులో వీటిలో మూడు మించకూడదు. నేపథ్యం తెలుపు కాకూడదు, మీగడ రంగే కావాలి. గ్రేడియంటు, మెరుపు అంచు, అక్షరాల వెనుక నీడ, ఇవేవీ వద్దు. సన్నని నల్లగీతను నలుపు ఒక్కదానితోనే 100 శాతం వేయించాలి. నాలుగు సిరాలు కలిపిన నలుపు వేస్తే, ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా గీత పక్కన రంగునీడ తేలుతుంది. ఇంక్‌స్కేప్ ప్రధానంగా తెర రంగులతోనే పనిచేస్తుంది కాబట్టి, సీఎంవైకేకు (ప్రెస్సు వాడే నాలుగు సిరాల రంగులకు) మార్చే పనిని కోరల్‌డ్రాలోనో, ప్రెస్సులోనో దగ్గర కూర్చుని చేయించుకోవాలి.

అక్షరాలు బొమ్మ మీద పడకూడదు, పక్కన చోటు వదలాలి. యూనికోడ్‌లో మండలి, సూరన్న కలంకారీ గీతకు నప్పుతాయి, రామభద్ర లావు వల్ల శీర్షికకు తప్ప పనికిరాదు. అను ఫాంటుల్లో కట్టినది ఇంకో కంప్యూటరులో తెరిస్తే పిచ్చిగీతలుగా మారుతుంది కాబట్టి, ఏ ఫాంటు అయినా కర్వ్స్‌గా (అక్షరాలను గీతల బొమ్మలుగా) మార్చాకే పంపాలి. మార్చిన తరువాత ‘శ్రీకాళహస్తి’ లాంటి మాటల్లో వత్తు సరైన చోటే ఉందా అని అక్షరం అక్షరం చదవాలి.

ప్రింటుకు

నాలుగువైపులా 3 మిల్లీమీటర్ల అదనపు అంచుతో పీడీఎఫ్ తయారుచేసి, పెన్‌డ్రైవులో స్వయంగా తీసుకువెళ్లి ఇవ్వాలి. వాట్సాప్‌లో పంపాల్సివస్తే ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపాలి. మొత్తం వేయకముందు ఒక్క నకలు తీయించి, ఎండలో పెట్టి చూసి, గీసిన విద్యార్థికి చూపించాలి. పని పూర్తయ్యాక అసలు గుడ్డను మడతపెట్టకుండా, పైపు మీద చుట్టి, లోపల పలుచని తెల్ల కాగితం వేసి ఆ విద్యార్థి చేతికే తిరిగి ఇవ్వాలి, ప్రిన్సిపాల్ బీరువాకు కాదు.