నీటిపొక్కుల జబ్బు: బయాప్సీ సీసా నుంచి రిపోర్టు చదవడం దాకా

అనంతపురం నుంచి వచ్చి బెంగళూరు మారతహళ్ళిలో మా ఇంట్లో దిగిన పెద్దమ్మకు అప్పటికే మూడు నెలలుగా నోట్లో పుండ్లు మానడం లేదు, పైగా వీపు మీద ముట్టుకుంటే చిట్లిపోయే పొక్కులు లేచాయి. చర్మవైద్యులు పెంఫిగస్ అని, అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత చర్మం మీదే దాడి చేసి పొక్కులు లేపే జబ్బని, అనుమానించారు. ఆమె రిపోర్టులు పట్టుకుని తిరుగుతూ నేను నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మందుల సంగతి డాక్టరుగారికే వదిలేస్తున్నాను.

బయాప్సీలో, అంటే పరీక్ష కోసం చర్మం ముక్క తీయడంలో, సాధారణంగా రెండు ముక్కలు తీస్తారు. తాజా పొక్కు అంచు నుంచి తీసినది మామూలు సూక్ష్మదర్శిని పరీక్షకు ఫార్మలిన్‌లో వెళుతుంది. పొక్కు పక్కనే, పైకి బాగానే కనిపించే చర్మం నుంచి తీసిన రెండోది, దాడి చేసే రోగనిరోధక ప్రొటీన్లయిన యాంటీబాడీలను మెరిసేలా చేసి చూపే డైరెక్ట్ ఇమ్యునోఫ్లోరెసెన్స్, అంటే డీఐఎఫ్ పరీక్షకు మైకెల్స్ ద్రావణంలో వెళ్ళాలి. అది దొరకనప్పుడు సెలైన్‌లో వేసి 24 గంటలలోపు ల్యాబుకు చేరుస్తారు. మేము మొదట వెళ్ళిన చోట రెండు ముక్కలనూ ఒకే ఫార్మలిన్ సీసాలో వేశారు. ఫార్మలిన్ తగిలిన ముక్క డీఐఎఫ్‌కు పనికిరాదు కనుక ఆమెకు మళ్ళీ సూది, మళ్ళీ కుట్లు తప్పలేదు. అందువల్ల మూత బిగించక ముందే సీసాలు రెండున్నాయా, దేనిలో ఏముంది అని మొహమాటం లేకుండా అడగండి.

రిపోర్టులో ముందు వెతకవలసినది యాంటీబాడీలు పేరుకున్న చోటు. పైచర్మపు కణాల చుట్టూ వల పరిచినట్టు ఐజీజీ అనే రకం యాంటీబాడీ మెరిసిందని ఉంటే అది పెంఫిగస్ వైపు చూపుతుంది. కణాన్ని కణంతో పట్టి ఉంచే డెస్మోగ్లీన్ ప్రొటీన్ల మీద అక్కడ దాడి జరుగుతోంది. నోటి పొరలో ప్రధానంగా ఉండేది డెస్మోగ్లీన్ 3. చర్మంలో అది అడుగు వరుసలలోనూ, డెస్మోగ్లీన్ 1 పై వరుసలలోనూ ఎక్కువ. అందుకే 3 మీద మాత్రమే యాంటీబాడీలుంటే బాధ ఎక్కువగా నోటికే పరిమితమవుతుంది, రెండింటి మీదా ఉంటే ఒంటి మీదకూ వస్తుంది, 1 మీద మాత్రమే ఉండే పెంఫిగస్ ఫోలియేషియస్‌లో నోరు బాగానే ఉంటుంది. పెద్దమ్మకు రెండూ పాజిటివ్ వచ్చాయి.

వలకు బదులు పైచర్మం అడుగున సన్నని గీత కనిపించిందంటే కథ వేరు. వృద్ధులలో దురదతో, గట్టిగా ఉబ్బిన పొక్కులతో వచ్చే బుల్లస్ పెంఫిగాయిడ్‌లో బీపీ 180, బీపీ 230 ప్రొటీన్లు దాడికి గురి అవుతాయి. ఉప్పునీటితో చర్మాన్ని చీల్చి చూసే పరీక్షలో ఆ గీత సాధారణంగా చీలిక పైకప్పు వైపు పడుతుంది. చీలిక నేల వైపు పడితే దాడికి గురైన ప్రొటీన్ ఏడో రకం కొల్లాజెన్ గానీ, లామినిన్ 332 గానీ కావచ్చు. లామినిన్ 332 అని తేలితే కొందరిలో క్యాన్సర్ కూడా ఉండే అవకాశం వల్ల డాక్టర్లు దాని కోసమూ వెతుకుతారు.

తరువాత ఎలైజా, అంటే రక్తంలో ఈ యాంటీబాడీలు ఎంత ఉన్నాయో కొలిచే పరీక్ష, అంకెలు. ఒక ల్యాబు అంకెను మరో ల్యాబు అంకెతో పోల్చకండి, ఎప్పుడూ ఒకేచోట చేయించండి. నోరు పూర్తిగా మానినా డెస్మోగ్లీన్ 3 అంకె కొందరిలో ఎక్కువగానే ఉండిపోతుంది. పెద్దమ్మ కారం వేసిన పప్పన్నం మంట లేకుండా తిన్న వారంలోనే ఆ అంకె చూసి నేను కంగారుపడ్డాను. డాక్టరుగారు కాగితం పక్కన పెట్టి, ఆమెను నోరు తెరవమన్నారు.