ఇంగ్లిష్‌లో ‘ఓన్లీ’ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మానేయాలి?

‘ఐ యామ్ ఇన్ ద ఆఫీస్ ఓన్లీ’, ‘మీటింగ్ ఈజ్ టుడే ఓన్లీ’ అని మనం రోజూ అంటూనే ఉంటాం. మనలో మనకు దానివల్ల ఇబ్బందేమీ లేదు. అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉన్న క్లయింటుకు ఇదే మాట మెయిల్లో పెడితేనే తేడా కొడుతుంది. మీటింగ్ ఇవాళ ఒక్కరోజే, మళ్లీ ఉండదు కాబోలు అనుకుంటాడు ఆయన.

చిక్కంతా మాట చివర మనం చేర్చే ‘ఏ’తో వస్తుంది. దానికి రెండు పనులున్నాయి. ‘ఒక్కడే వచ్చాడు’ అంటే ఇంకెవరూ రాలేదని. ‘ఇక్కడే ఉన్నాను’ అంటే ఎక్కడికీ పోలేదని నొక్కి చెప్పడం. ఓన్లీ మామూలుగా మొదటి పనికే పనికొస్తుంది.

1. ముందు తెలుగులో అనుకుని, ‘ఏ’ ఉన్నచోట ‘మాత్రమే’ పెట్టి చూడండి. అర్థం మారకపోతే ఓన్లీ వాడొచ్చు. ‘మీటింగ్ ఇవాళ మాత్రమే’ అంటే మీరనుకున్న అర్థం పోయింది కదా? అక్కడ వద్దు.

2. మరి ఏమనాలి? చాలాసార్లు ఏమీ చేర్చక్కర్లేదు. ‘ద మీటింగ్ ఈజ్ టుడే’ అని చివరి మాట ఒత్తి పలికితే చాలు. మెయిల్లో ఒత్తడం కుదరదు కాబట్టి ‘టుడే, నాట్ టుమారో’ అని రాయండి. ‘ఇక్కడే ఉన్నా’కు ‘ఐ యామ్ రైట్ హియర్’. ‘వాడే చెప్పాడు’కు ‘హీ ఈజ్ ద వన్ హూ టోల్డ్ మీ’. ‘నేనూ అదే అంటున్నా’కు ‘దట్స్ ఎగ్జాక్ట్‌లీ వాట్ ఐ యామ్ సేయింగ్’.

3. రాసేటప్పుడు ఏ మాటకు హద్దు గీస్తున్నారో దాని ముందే పెట్టండి. ‘ఓన్లీ రవి పెయిడ్ ద బిల్’ అంటే మిగతావాళ్లు జేబులో చెయ్యి పెట్టలేదు. ‘రవి పెయిడ్ ఓన్లీ ద బిల్’ అంటే టిప్పు ఇవ్వలేదు. మాటల్లో ఇంత పట్టింపు ఉండదు. ‘ఐ ఓన్లీ ఏట్ టూ ఇడ్లీస్’ అని క్రియకు ముందు పెట్టేస్తారు. ఇది తప్పని వాదించే గ్రామర్ పండితులు ఉన్నారు గానీ, వాళ్ల కోసం టెన్షన్ పడక్కర్లేదు. ‘ఈజ్’, ‘యామ్’ ఉంటే మాత్రం వాటి తర్వాతే: ‘షీ ఈజ్ ఓన్లీ ఫైవ్’.

4. ‘ఈమధ్యే’, ‘అంత ఆలస్యంగా’ అనే అర్థమిచ్చే కాలం మాటల దగ్గర ‘మాత్రమే’ పరీక్ష పనిచేయదు. ‘నిన్ననే వచ్చాను’లో మాత్రమే ఇమడదు, అయినా ‘ఐ కేమ్ ఓన్లీ యెస్టర్‌డే’ మంచి ఇంగ్లిషే. ‘పదింటికి గానీ రాలేదు’ అనడానికి ‘హీ కేమ్ ఓన్లీ ఎట్ టెన్’ అనొచ్చు. ‘అప్పుడు గానీ అర్థం కాలేదు’ అన్నట్టుగా ఓన్లీనీ కాలం మాటనూ కలిపి వాక్యం మొదలుపెడితే ‘ఐ’ కంటే ముందు ‘డిడ్’ వచ్చి వరస తిరగబడుతుంది: ‘ఓన్లీ దెన్ డిడ్ ఐ అండర్‌స్టాండ్’.

5. చివర రావాల్సిన ఓన్లీలూ ఉన్నాయి. ‘లేడీస్ ఓన్లీ’, ‘స్టాఫ్ ఓన్లీ’ బోర్డులు సరైనవే. చెక్కు మీద ‘రుపీస్ ఫైవ్ థౌజండ్ ఓన్లీ’ అని రాసేది వెనకాల ఇంకో మాట చేర్చి ఎవరూ మొత్తం పెంచకుండా. దాన్ని మాత్రం మానకండి.