డేర్, డీ, డాస్: జర్మన్ నామవాచకాల లింగాన్ని నేర్చుకునే పద్ధతి

సంస్కృతంలో భార్య అనే అర్థమిచ్చే మూడు మాటలు మూడు లింగాలలో ఉన్నాయి: 'భార్యా' స్త్రీలింగం, 'దార' పుంలింగం, 'కళత్రం' నపుంసకలింగం. ఇంటర్మీడియట్‌లో రెండో భాషగా సంస్కృతం తీసుకున్నవారిలో చాలామంది ఈ ఉదాహరణ వినే ఉంటారు. జర్మన్‌లోని మూడు లింగాలను అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి ప్రవేశద్వారం నాకు కనిపించలేదు. లింగం మాటకు చెందినది, ఆ మాట సూచించే వస్తువుకు కాదు. జర్మన్‌లో దాన్ని తెలిపేది నామవాచకం ముందు వచ్చే, ఇంగ్లీషు 'the' లాంటి ఆర్టికల్: పుంలింగానికి డేర్, స్త్రీలింగానికి డీ, నపుంసకలింగానికి డాస్. కారును జర్మన్‌లో 'డాస్ ఆటో' అనవచ్చు, 'డేర్ వాగెన్' అనీ అనవచ్చు. మొదటిది నపుంసకలింగం, రెండవది పుంలింగం.

తెలుగులో లింగం అర్థాన్ని బట్టి ఏర్పడుతుంది కాబట్టి మనకు ఈ విషయం సులభంగా ఒంటబట్టదు. 'సూర్యుడు ఉదయించాడు' అని అలవాటైన నోటికి జర్మన్‌లో సూర్యుడు 'డీ జొన్నె' అనే స్త్రీలింగ పదమని, చంద్రుడు మాత్రం 'డేర్ మోంట్' అనే పుంలింగ పదమని చెబితే వింతగానే ఉంటుంది. అందువల్ల తెలుగు అర్థాన్ని బట్టి జర్మన్ లింగాన్ని ఊహించే ప్రయత్నాన్ని మొదటి రోజే విడిచిపెట్టాలి.

నోటుపుస్తకంలో ఏ నామవాచకాన్నీ ఒంటరిగా రాయకూడదు. 'టిష్ అంటే బల్ల' అని కాకుండా 'డేర్ టిష్, బహువచనం డీ టిషె' అని రాసుకుని, ఆ మొత్తాన్నీ ఒకే మాటగా పైకి చదవాలి. బహువచనంలో మూడు లింగాలకూ 'డీ' యే వస్తుంది కాబట్టి, బహువచనాన్ని చూసి లింగాన్ని చెప్పలేము. ఇంగ్లీషు 'a' లాంటి 'ఐన్' తో కలిపి నేర్చుకోవడం కూడా మంచిది కాదు. ఐన్ టిష్, ఐన్ బూఖ్ అన్నప్పుడు బల్ల పుంలింగమనీ పుస్తకం నపుంసకలింగమనీ తెలిసే వీలు ఉండదు. పుంలింగానికి నీలం, స్త్రీలింగానికి ఎరుపు, నపుంసకలింగానికి ఆకుపచ్చ సిరా వాడితే కంటికి కూడా ఆ పని కొంత అప్పగించినట్లవుతుంది.

ప్రతి మాటనూ బట్టీపట్టనవసరం లేదు. కొన్ని పదాంతాలను గట్టిగా నమ్మవచ్చు. ఉంగ్, హైట్, కైట్, షాఫ్ట్, టేట్ అనే ప్రత్యయాలతో ముగిసే మాటలు స్త్రీలింగాలు: డీ వోనుంగ్ (నివాసం), డీ ఫ్రైహైట్ (స్వేచ్ఛ), డీ ఉనివెర్‌జిటేట్ (విశ్వవిద్యాలయం). దూకడాన్ని తెలిపే 'డేర్ ష్ప్రుంగ్' లోనూ చివర ఉంగ్ వినిపిస్తుంది గాని, అది ధాతువులోని భాగమే తప్ప ప్రత్యయం కాదు. చిన్నదనాన్ని తెలిపే షెన్, లైన్ చేరితే మాట ఎప్పుడూ నపుంసకలింగమే. అమ్మాయిని 'డాస్ మేట్‌షెన్' అనడానికి కారణం ఇదే. క్రియను ఉన్నదున్నట్లుగా నామవాచకం చేసినా నపుంసకమే: డాస్ ఎస్సెన్ (భోజనం). వారంలోని రోజుల పేర్లు, నెలల పేర్లు, ఋతువుల పేర్లు పుంలింగాలు. 'ఎ' తో ముగిసే మాటలలో ఎక్కువ భాగం స్త్రీలింగాలే అయినా, డేర్ నామె (పేరు), డాస్ ఔగె (కన్ను) వంటివి విడిగా గుర్తుంచుకోవాలి. 'ఎర్' ను మాత్రం నమ్మవద్దు: డేర్ లేరర్ (ఉపాధ్యాయుడు), డీ బుట్టర్ (వెన్న), డాస్ ఫెన్‌స్టర్ (కిటికీ) మూడూ మూడు దారులు.

సమాసాలలో చివరి పదానిదే పెత్తనం. డాస్ హౌస్ (ఇల్లు), డీ ట్యూర్ (తలుపు) కలిస్తే డీ హౌస్‌ట్యూర్ అవుతుంది. దానికి డేర్ ష్లుస్సెల్ (తాళంచెవి) చేరితే మొత్తం మాట డేర్ హౌస్‌ట్యూర్‌ష్లుస్సెల్ అయిపోతుంది. ఎంత పొడవైన మాట ఎదురైనా చివరి నుంచి చదివితే ఆర్టికల్ తెలుస్తుంది.

ఇంత నేర్చుకున్నవారు కూడా మాట్లాడేటప్పుడు తడబడే చోటు సర్వనామం. భోజనాల బల్ల దగ్గరే దీన్ని సాధన చేయవచ్చు. చెంచా 'డేర్ లొఫెల్', ఫోర్కు 'డీ గాబెల్', కత్తి 'డాస్ మెస్సర్'. 'వో ఇస్ట్ డేర్ లొఫెల్?' (చెంచా ఎక్కడుంది?) అని అడిగితే 'ఏర్ లీగ్ట్ ఔఫ్ డేమ్ టిష్' (అది బల్ల మీద ఉంది) అని జవాబు చెప్పాలి, ఫోర్కును అడిగితే 'జీ', కత్తిని అడిగితే 'ఎస్' రావాలి. తెలుగులో మూడింటికీ 'అది' సరిపోతుంది కాబట్టి మన నోటికి అన్నిచోట్లా 'ఎస్' వచ్చేస్తుంది. ఈ మూడు ప్రశ్నలనూ వరస మార్చి అడుగుతూ, ఆలోచించకుండా సరైన సర్వనామం వచ్చేదాకా చెప్పుకోవాలి. దానితోపాటు 'ఇష్ జూఖె' (నేను వెతుకుతున్నాను) అనే వాక్యాన్ని జోడించండి: ఇష్ జూఖె డేన్ లొఫెల్, డీ గాబెల్, డాస్ మెస్సర్. కర్మ స్థానంలో పుంలింగ ఏకవచనం ఒక్కటే రూపం మార్చుకుంటుంది కాబట్టి, 'డేన్' తో సాధన చేసిన మాట లింగం బాగా నిలిచిపోతుంది.

విభక్తులు మొదలయ్యాక చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 'మిట్ డేర్ గాబెల్' (ఫోర్కుతో) అన్న వాక్యంలో డేర్ కనిపించినంత మాత్రాన ఫోర్కు పుంలింగం కాదు. 'మిట్' తరువాత స్త్రీలింగపు 'డీ' యే 'డేర్' గా మారుతుంది, పుంలింగ, నపుంసకాలు 'డేమ్' అవుతాయి. కనుక చదువుతున్న వాక్యం నుంచి కొత్త మాట ఎత్తి రాసుకునేటప్పుడు అక్కడున్న ఆర్టికల్‌ను యథాతథంగా దించుకోకుండా నిఘంటువులో ప్రథమా విభక్తి రూపం చూసి రాయాలి.

ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలకూ ఆర్టికల్ ఉంటుంది: డేర్ కంప్యూటర్, డాస్ హెండీ (మొబైల్ ఫోన్). ఈమెయిల్ జర్మనీలో 'డీ', ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో 'డాస్' అనీ వినిపిస్తుంది. నిఘంటువు రెండు లింగాలను ఇచ్చినప్పుడు, మీరు చదువుకో ఉద్యోగానికో వెళ్లబోయే దేశంలో వాడుకలో ఉన్నదాన్ని ఎంచుకుని రాసుకోండి.