దేవరకొండ వైపు ఊళ్లకు వెళ్లేముందు

ఏప్రిల్, మే నెలల్లో బండి మీద వెళ్తుంటే చీకటి పడకముందే ఊరు చేరండి, ఎందుకంటే యాసంగి వడ్లు సగం రోడ్డు మీదే ఆరబోసి, రాత్రికి పట్టా కప్పి, అంచుల్లో ఇంతింత రాళ్లు పెడతారు. నల్ల పట్టా దగ్గరికొచ్చేదాకా కనబడదు. నేనొకసారి రాయెక్కించి పడ్డాను, మోకాలి మీద మచ్చ ఇంకా ఉంది.

బోరు నీళ్లు తాగొద్దు. నల్గొండ జిల్లాలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమే, కాచినా పోదు. మిషన్ భగీరథ (ప్రభుత్వ మంచినీటి పథకం) నల్లా నీళ్లు అడగండి.

చిల్లర, టోపీ వెంట ఉంచుకోవడం మామూలే.

వానాకాలమైతే పత్తి చేన్లో మందు కొడుతుంటారు, గాలివాటుకు నిలబడి ఫొటోలు తీయకండి.

చివరి బస్సు ఎప్పుడో దిగేటప్పుడే కండక్టర్‌ని అడగండి.