పాత విండోస్ ఆటలు లినక్స్ మింట్‌లో – 4వ పాఠం: తాళం గుర్తు, సుడో, ఆ తర్వాత నల్ల తెర

మూడో పాఠం తర్వాత మీరు పంపిన మెసేజ్‌లన్నీ కూర్చుని చదివాను. ఈసారి నల్ల తెర గురించి చెబుదామని అన్నీ సిద్ధం చేసుకున్నా. కానీ సగం మంది అక్కడిదాకా రానేలేదు, ఆట మొదలయ్యే దగ్గరే ఆగిపోయారు. ఆగినవాళ్ళలో ఎక్కువమంది చేసిన పని ఒక్కటే, వైన్ (లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాములు నడిపే సాఫ్ట్‌వేర్) ముందు సుడో (కమాండ్‌ని రూట్‌గా, అంటే మొత్తం సిస్టమ్ మీద అధికారమున్న యూజర్‌గా నడిపే మాట) తగిలించడం. ముందు అది సర్దుకోకపోతే మిగతాది ఎంత చెప్పినా వృథా, అందుకే ఈ పాఠంలో ఎక్కువ భాగం దానికే పోతుంది.

కమాండ్లు ఎప్పటిలాగే ఫోన్‌లో చెప్పినట్టు నోటి మాటలో రాస్తున్నా. మీరు టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే విండోలో) ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టుకోండి, పెద్ద అక్షరం కావాల్సిన చోట నేనే చెబుతా. "ఖాళీ" అంటే స్పేస్ బార్ ఒకసారి నొక్కడం.

పోయిన ఆదివారం కాజీపేట నుంచి ఒక తమ్ముడు ల్యాప్‌టాప్ పట్టుకుని నయీంనగర్‌లో మా ఇంటికే వచ్చాడు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది, అతని ల్యాప్‌టాప్‌కి విండోస్ 11 ఎక్కదు, అందుకని మింట్ వేసుకున్నాడు. మీలో చాలామంది కథ కూడా ఇదే అని నాకు తెలుసు. వాళ్ళన్న డిగ్రీ చదివే రోజుల్లో ఒక కారు రేసు ఆట ఫోల్డర్‌ని సీడీలోకి ఎక్కించి దాచుకున్నాడట, దాన్ని హోమ్‌లోకి (తన సొంత ఫోల్డర్‌లోకి) కాపీ చేసుకుని నడిపితే ఒక్క క్షణం విండో వచ్చి మాయమైపోతోంది. "అన్నా, టెర్మినల్‌లో పర్మిషన్ లేదని వచ్చింది, సుడో కొట్టిన, నడిచింది. కానీ సౌండ్ వస్తలేదు, మళ్ళీ సుడో లేకుండా తెరిస్తే సేవ్ అయితలేదు" అన్నాడు.

ఫైల్ మేనేజర్ తెరవమన్నా. ఫోల్డర్ లోపల ఒక్కో ఫైల్ బొమ్మ మూలన చిన్న తాళం గుర్తు. అంత చిన్నగా ఉంటుంది కాబట్టి రెండు రాత్రులు దాని ముందే కూర్చున్నా అతనికి కనబడలేదు. జరిగిందంతా ఆ తాళంలోనే ఉంది. సీడీ మీద ఉన్న ఫైళ్ళలో రాయడానికి వీలుండదు కదా, వాటిని కాపీ చేసినప్పుడు ఆ "చదవడమే, రాయడం లేదు" అన్న గుణం కూడా చాలాసార్లు వెంట వస్తుంది. పాత ఆటలేమో సెట్టింగులు, స్కోర్లు, సేవ్‌లు అన్నీ తమ ఫోల్డర్‌లోనే రాసుకుంటాయి, అప్పటి అలవాటు అది. రాయడానికి పోతుంది, కుదరదు, చాలా ఆటలు ఏమీ చెప్పకుండానే మూసుకుపోతాయి. సీడీ నుంచి కాపీ చేయమని మూడో పాఠంలో చెప్పింది నేనే, ఈ తాళం తీయాలని మాత్రం చెప్పలేదు. అది నా పొరపాటు, ఇప్పుడు సరిచేస్తున్నా.

తాళం తీయడానికి సుడో అక్కర్లేదు, ఎందుకంటే కాపీ చేసింది మీరే, ఆ ఫైళ్ళ ఓనర్ మీరే. టెర్మినల్‌లో సీహెచ్‌మాడ్, ఖాళీ, మైనస్ పెద్ద ఆర్, ఖాళీ, యు ప్లస్ డబ్ల్యు, ఖాళీ, ఫోల్డర్ పేరు. ఎంటర్ కొట్టి ఫైల్ మేనేజర్‌లో ఎఫ్5 నొక్కితే తాళాలన్నీ ఒకేసారి పోతాయి.

ఇప్పుడు సుడో సంగతి, ఎందుకంటే ఈ ఒక్క విషయం నన్ను నిజంగా బాధపెడుతోంది. ఈ అలవాటు మీకు ఎక్కడ పట్టుకుందో నాకు అర్థమైంది. కొందరికి వైన్ మొదటిసారి నడిపినప్పుడు వైన్32 (32 బిట్ విండోస్ ప్రోగ్రాములకు కావాల్సిన వైన్ భాగం) లేదు, రూట్‌గా ఫలానా కమాండ్ కొట్టు అని టెర్మినలే చెప్పింది. అక్కడ సుడో కొట్టడం సరైన పనే, అది సిస్టమ్‌లోకి కొత్త ప్యాకేజీ దించే పని. అక్కడ పనిచేసింది కదా అని ఆట దగ్గర కూడా కొట్టారు. రెండూ ఒకటి కాదు. సుడో అంటే "ఇంకొంచెం గట్టిగా చెయ్యి" అని కాదు, "వేరే మనిషిగా చెయ్యి" అని. ఆ వేరే మనిషి పేరు రూట్, అతనికి వేరే ఇల్లుంది, ఆ ఇంట్లో వేరే వైన్ ఉంటుంది, ఆ వైన్‌కి వేరే సి డ్రైవ్ ఉంటుంది.

జనగామ నుంచి ఒకరు "ఇన్‌స్టాల్ వంద శాతం పూర్తయిందని చూపించింది, కానీ సి డ్రైవ్‌లో ఆటే లేదు" అని మూడుసార్లు రాశారు. ఆట ఎక్కడికీ పోలేదు, రూట్ ఇంట్లో భద్రంగా ఉంది. మీ వైన్ మీ హోమ్‌లో చుక్క వైన్ అనే దాచిన ఫోల్డర్‌లో ఉంటుంది, కంట్రోల్ హెచ్ నొక్కితే కనబడుతుంది. సుడోతో సెటప్ నడిపితే అది రూట్ హోమ్‌లో ఇంకో చుక్క వైన్ కట్టుకుని అందులో ఇన్‌స్టాల్ అవుతుంది. కాజీపేట తమ్ముడికి సౌండ్ రాకపోవడానికీ కారణం ఇదే, సౌండ్ నడుస్తున్నది మీ లాగిన్ కింద, ఆట నడుస్తున్నది రూట్ కింద. సేవ్ కాకపోవడమూ అంతే, సుడోతో ఆడినప్పుడు పుట్టిన సేవ్ ఫైళ్ళకు ఓనర్ రూట్ అయిపోయాడు, మామూలుగా తెరిస్తే వాటిమీద మళ్ళీ రాయలేరు.

అసలు భయం ఇంకొకటుంది. వైన్‌లో జెడ్ డ్రైవ్ అని ఒకటి కనబడుతుంది చూశారా, అది మీ మొత్తం లినక్స్ సిస్టమే. సెకండ్ హ్యాండ్ సీడీల్లో, చేతులు మారిన పెన్‌డ్రైవ్‌లలో వైరస్ ఉండటం కొత్తేం కాదు, విండోస్ వైరస్‌లలో కొన్ని వైన్‌లో కూడా నడుస్తాయి. మీ యూజర్ కింద నడిస్తే మీ ఫైళ్ళ వరకే చెయ్యి వేస్తుంది, అదే చాలా నష్టం. సుడోతో నడిపితే జెడ్ డ్రైవ్ నుంచి మొత్తం సిస్టమ్ మీద రాయగలదు. ఒక కారు రేసు కోసం ఇంటి తాళాలగుత్తి మొత్తం ఇచ్చేయడం ఎందుకు?

మరి ఇప్పటికే కొట్టేసినవాళ్ళ సంగతి. ఆట ఫోల్డర్ మీ పేరు మీదికి తెచ్చుకోండి: సుడో, ఖాళీ, సీహెచ్‌ఓన్, ఖాళీ, మైనస్ పెద్ద ఆర్, ఖాళీ, మీ యూజర్ పేరు, ఖాళీ, ఫోల్డర్ పేరు. ఇక్కడ సుడో కావాలి, రూట్ సొత్తును రూటే వదులుకోవాలి కాబట్టి. రూట్ ఇంట్లో మిగిలిన వైన్ ఫోల్డర్‌ని తీసేయమని మాత్రం నేను చెప్పను. సుడోతో డిలీట్ కమాండ్ కొట్టేటప్పుడు ఒక ఖాళీ తప్పు చోట పడితే ఏం పోతుందో ఊహించలేం, అది అక్కడ ఉంటే కొంచెం జాగా పోతుంది, అంతే. జనగామ వారు సుడో లేకుండా సెటప్ మళ్ళీ మొదటి నుంచి నడుపుకోండి. ఇద్దరు మొత్తం మింట్‌నే తీసేసి మళ్ళీ వేసుకున్నారట, ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోకండి, ముందు నన్ను అడగండి.

ఇంకో చిన్న మాట. ఆట నడిపే ముందు సీడీ అనే కమాండ్‌తో (డిస్క్ కాదు, ఫోల్డర్ మారే కమాండ్) దాని ఫోల్డర్‌లోకి వెళ్ళాలని మొదటి పాఠంలోనే చెప్పా. హోమ్‌లో నిలబడి పూర్తి దారి ఇచ్చి నడిపితే చాలా పాత ఆటలు తమ డేటా ఫైళ్ళను హోమ్‌లో వెతుక్కుని దొరకలేదంటాయి. ఫోల్డర్ పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టండి. "ఆటలు" అని తెలుగులో పెట్టుకున్న ములుగు తమ్ముడిని నేను మెచ్చుకుంటాను, కానీ 1990ల విండోస్‌లో తెలుగుకు కోడ్‌పేజీ (ఒక భాష అక్షరాలను అంకెలతో గుర్తించే పట్టిక) అంటూ లేదు, అప్పటి ఆటలకు ఆ పేరు చదవడం రాదు.

ఇక ఫిక్స్‌మీ. టెర్మినల్ నిండా ఫిక్స్‌మీ, ఫిక్స్‌మీ అని వస్తోందని టెన్షన్ పడి ఫోటోలు పంపారు. అది మీకు చెబుతున్నది కాదు. వైన్‌ని 1993 నుంచి ఎందరో కలిసి రాస్తూ వస్తున్నారు, విండోస్‌లో ఫలానా ముక్క మేమింకా పూర్తిగా రాయలేదు అని వాళ్ళు తమకోసం పెట్టుకున్న గుర్తు అది. ఆట హాయిగా నడుస్తున్నప్పుడు కూడా వస్తుంది. మీరు చూడాల్సింది "ఈ ఆర్ ఆర్" అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలతో (ఎర్రర్‌కి పొట్టి రూపం) మొదలయ్యే వరుసలు. అందులో ఇంపోర్ట్ డీఎల్ఎల్ అని, ఫలానా లైబ్రరీ నాట్ ఫౌండ్ అని ఉంటే (డీఎల్ఎల్, లైబ్రరీ అంటే విండోస్ ప్రోగ్రాములు వాడుకునే సహాయక ఫైల్) జవాబు అక్కడే ఉంది, పేరుతో సహా చెబుతోంది. ఆ పేరు గూగుల్‌లో కొట్టి ఎవరో పెట్టిన డీఎల్ఎల్ దించుకోకండి. ముందు ఆట సీడీలోనే డైరెక్ట్ఎక్స్ (ఆటల బొమ్మ, సౌండ్ కోసం విండోస్ వాడే లైబ్రరీలు) ఫోల్డర్ ఉందేమో చూడండి, తర్వాత వైన్‌ట్రిక్స్‌లో (వైన్‌లోకి ఇలాంటి లైబ్రరీలు వేసే టూల్‌లో) ఆ ఒక్కటే వేయండి. ఒకేసారి పది టిక్కులు పెట్టేస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

ఇప్పుడు నల్ల తెర. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 లాంటి 1990ల ఆటలు 256 రంగుల పాలెట్‌తో, డైరెక్ట్‌డ్రా అనే పద్ధతిలో బొమ్మ గీస్తాయి. స్క్రీన్‌ని 800 ఇంటు 600కి మార్చమని నేరుగా అడుగుతాయి. మీ కొత్త స్క్రీన్ దానికి ఒప్పుకోకపోతేనో, మధ్యలో తడబడితేనో నల్లగా ఉండిపోతుంది, వెనకాల సంగీతం మాత్రం వస్తూ ఉంటుంది. మొదట వైన్‌సీఎఫ్‌జీ (వైన్ సెట్టింగుల విండో) తెరిచి గ్రాఫిక్స్ ట్యాబ్‌లో వర్చువల్ డెస్క్‌టాప్ టిక్ పెట్టి 1024 ఇంటు 768 ఇవ్వండి. ఆట ఒక పెట్టెలో తెరుచుకుంటుంది, అసలు స్క్రీన్‌ని ముట్టుకోదు. చాలామందికి ఇక్కడితో అయిపోతుంది.

అయినా నల్లగానే ఉంటే, లేదా రంగులు ఊదా, ఆకుపచ్చగా కలిసిపోతే, సీఎన్‌సీ డీడ్రా అని ఒక ఉచిత ప్రాజెక్ట్ ఉంది. కమాండ్ అండ్ కాంకర్ ఆటల కోసం మొదలైంది, ఇప్పుడు ఆ కాలపు 2డి ఆటలు చాలావాటికి పనికొస్తుంది. దాని ఫైళ్ళను ఆట ఫోల్డర్‌లో పెట్టండి. అక్కడితో ఆగి "పనిచేయలేదన్నా" అనకండి, వైన్‌కి తన సొంత డీడ్రా (డైరెక్ట్‌డ్రా డీఎల్ఎల్) ఉంది, మీరు చెప్పేదాకా అది దాన్నే వాడుతుంది. వైన్‌సీఎఫ్‌జీలో లైబ్రరీస్ ట్యాబ్‌లో డీడ్రా అని టైప్ చేసి యాడ్ నొక్కితే కింద నేటివ్, బిల్టిన్ అని చేరుతుంది, అంటే ముందు మీరు పెట్టినది, తర్వాత వైన్ సొంతది. అప్పుడే మీరు పెట్టినది లెక్కలోకి వస్తుంది. వైస్ సిటీ లాంటి 2003 నాటి 3డి ఆటలకు ఇది పనికిరాదు, అవి డైరెక్ట్3డి (డైరెక్ట్ఎక్స్‌లోని 3డి భాగం) మీద నడుస్తాయి. వైస్ సిటీ వాళ్ళకు ఒక్క మాట, సెట్టింగుల్లో ఫ్రేమ్ లిమిటర్ (సెకనుకు గీసే బొమ్మల సంఖ్యకు హద్దు) ఆన్‌లోనే ఉంచండి, తీసేస్తే బండ్ల నడక దెబ్బతింటుంది.

నల్ల తెరలో ఇరుక్కుంటే పవర్ బటన్ నొక్కి చంపకండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కితే ఉత్త అక్షరాల తెర వస్తుంది, అక్కడ లాగిన్ అయి వైన్‌సర్వర్, ఖాళీ, మైనస్ కె కొట్టండి, వైన్ ఆగిపోతుంది. తర్వాత కంట్రోల్, ఆల్ట్, ఎఫ్7తో వెనక్కి రండి. ఆటకు వేరే ప్రిఫిక్స్ (చుక్క వైన్ లాంటి వేరే వైన్ ఫోల్డర్) పెట్టుకుని ఉంటే ఈ కమాండ్ ముందు కూడా అదే ప్రిఫిక్స్ చెప్పాలి, లేకపోతే ఖాళీగా ఉన్న వేరే వైన్‌ని ఆపి వస్తారు. వెనక్కి వచ్చాక స్క్రీన్ ఇంకా 800లోనే ఉండిపోతే ఎక్స్‌ర్యాండ్ఆర్, ఖాళీ, మైనస్ ఎస్, ఖాళీ, సున్నా.

నేనైతే ఒక్కో ఆటకు ఒక్కో ప్రిఫిక్స్, ఒక్కో చిన్న ఫైల్ పెట్టుకుంటా. అందులో మూడే వరుసలు: ప్రిఫిక్స్ ఎక్కడుందో, ఏ ఫోల్డర్‌లోకి వెళ్ళాలో, వైన్‌తో ఏది నడపాలో. లూట్రిస్, బాటిల్స్ (ఇవన్నీ మీ బదులు సర్దిపెట్టే ప్రోగ్రాములు) మంచివే, వాడుకునేవాళ్ళు వాడుకోండి, కానీ నేర్చుకునే రోజుల్లో అవి లోపల ఏం చేస్తున్నాయో కనబడదు కాబట్టి ఈ పాఠాల్లో వాటి జోలికి పోను.

ఈ వారం పని కొంచెం ఎక్కువే, కానీ తప్పకుండా చేయాలి. నడుస్తున్న ఆట ఫోల్డర్‌కి ఇంకో కాపీ తీసి, ఆ కాపీని మీ చేత్తో మీరే ఐదుసార్లు చెడగొట్టండి. ఒకసారి సీహెచ్‌మాడ్‌లో ప్లస్ బదులు మైనస్ పెట్టి తాళం వేయండి. ఒకసారి ఒక డేటా ఫైల్ పేరు మార్చండి. ఒకసారి హోమ్‌లో నిలబడి నడపండి. ఒకసారి ఆటతో వచ్చిన ఒక డీఎల్ఎల్‌ని పక్కకు జరపండి. చివరిసారి ఆట నడుస్తుండగా ఎఫ్3 తెరలోంచి ఆపండి. ప్రతిసారీ ఫిక్స్‌మీలు వదిలేసి, ఈ ఆర్ ఆర్ వరుస వచ్చిందా, వస్తే ఏమని వచ్చింది, రాకపోతే ఆట ఏం చేసింది, నోట్‌బుక్‌లో రాయండి. తాళం వేసినప్పుడు ఒక్క ఈ ఆర్ ఆర్ వరుస కూడా రాకుండా ఆట మూసుకుపోయిందని ఎవరైనా రాస్తే, ఆ ఆట పేరు కూడా నాకు పంపండి.

సీడీ పెట్టమని అడిగే ఆటలు, సౌండ్ ముక్కలు ముక్కలుగా రావడం ఐదో పాఠంలో. సీడీ డ్రైవ్ లేనివాళ్ళు ఈలోగా డ్రైవ్ ఉన్న ఎవరి దగ్గరైనా మీ సీడీని ఐఎస్ఓ (సీడీ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా తీసిన కాపీ) చేయించి ఉంచుకోండి. గీతలు పడ్డ సీడీ అయితే ఇవాళే చేయించండి, రేపటికి చదువుతుందో లేదో చెప్పలేం.